సాదా బ్రెడ్ నుంచి పూర్ణం బన్ను దాకా: ప్రాజెక్టు డైరీ

శనివారం పొద్దున

చేయాలనుకున్నది తీపి బన్ను. లోపల కస్టర్డో ఖర్జూరమో ఉండాలి, పైన ఎర్రగా నిగనిగలాడాలి, మర్నాటికి కూడా మెత్తగా ఉండాలి. అయినా సాదా బ్రెడ్‌తోనే మొదలుపెడుతున్నాను. బన్నుకి రుచీ మెత్తదనం ఇచ్చే పంచదార, వెన్న, గుడ్డు, పాలు అన్నీ ఏదో ఒక రకంగా ఈస్ట్‌కో గ్లూటెన్‌కో (తడిసిన పిండిని సాగేలా చేసే ప్రోటీన్ అల్లిక) అడ్డుపడేవే. అవేవీ లేని పిండి ఎలా పొంగుతుందో చేతికి అలవాటు కాకుండా అన్నీ ఒకేసారి పోస్తే, పిండి మొరాయించినప్పుడు ఎవరిని అనుమానించాలో తెలియదు.

ఇవాళ్టి లెక్క: మైదా 400 గ్రాములు, నీళ్లు 260, ఉప్పు 8, ఇన్‌స్టంట్ ఈస్ట్ 4. బేకరీ పద్ధతిలో పిండి బరువు 100 అనుకుని మిగతావాటిని దాని మీద శాతాల్లో చెబుతారు. అంటే నీళ్లు 65, ఉప్పు 2, ఈస్ట్ 1. ఈ పద్ధతి అలవాటయ్యాక ఏ రెసిపీ చూసినా ముందు శాతాలే కళ్లకి కనిపిస్తాయి, సగం రెసిపీలు చదవకుండానే పక్కన పెట్టేయొచ్చు.

కప్పుల కొలత పూర్తిగా మానేశాను. అదే కప్పులో పిండి వదులుగా పోస్తే 120 గ్రాములు వస్తుంది, అదిమి నింపితే 150. మూడు కప్పుల పిండికి 240 గ్రాముల నీళ్లు పోశామనుకోండి. మొదటి లెక్కలో నీళ్లు 67 శాతం, రెండో లెక్కలో 53. ఒకటి చేతికి అంటుకునే మెత్తటి ముద్ద, ఇంకోటి రాయి. రెండూ ఒకే రెసిపీ! ఈస్ట్ విషయంలో మాత్రం తూకం కన్నా చెంచానే నయం. మామూలు కిచెన్ స్కేలు 4 గ్రాముల దగ్గర తడబడుతుంది. టీస్పూను తలకొట్టి తీస్తే ఇన్‌స్టంట్ ఈస్ట్ సుమారు 3 గ్రాములు ఉంటుంది, కాబట్టి ఇవాళ్టికి ఒక టీస్పూను, పైన ఇంకో పావు, రవ్వంత.

పిండి ప్యాకెట్ వెనక ప్రోటీన్ ఎంతో చూశాను. బ్రెడ్ కోసం అమ్మే పిండిలో 12 నుంచి 13 శాతం దాకా ఉంటుంది. నా దగ్గరున్న మైదాలో 10 చిల్లర. దీంతో బ్రెడ్ రాదని కాదు. నీళ్లు ఒకేసారి పోసేయకుండా ఓ 15 గ్రాములు ఆపుకుని, ముద్ద తీరు చూసి కలపాలి, అంతే. ప్రోటీన్ తక్కువైతే అది పీల్చుకునే నీళ్లూ తక్కువే.

శనివారం, కలిపేటప్పుడు

దాదాపు ప్రతి రెసిపీలోనూ 'గోరువెచ్చటి నీళ్లు' అని రాసి ఉంటుంది. ఆ మాట చలి వంటింటి కోసం రాసింది. మనకి కావలసింది వెచ్చటి నీళ్లు కాదు, కలిపాక పిండి ముద్ద 25, 26 డిగ్రీల దగ్గర ఉండటం. దానికి సులువైన లెక్క ఉంది. కావలసిన వేడిని మూడుతో గుణించి, అందులోంచి గది వేడి, పిండి వేడి, పిసకడం వల్ల పుట్టే వేడి తీసేస్తే మిగిలేదే నీళ్ల వేడి. చేత్తో పిసికితే రెండు మూడు డిగ్రీలు వేసుకోవచ్చు, మెషీన్ అయితే ఇంకా ఎక్కువ. ఇవాళ గదీ పిండీ రెండూ 30. 26ని మూడుతో గుణిస్తే 78, అందులోంచి 30, 30, 3 తీసేస్తే 15. అంటే ఫ్రిజ్ నీళ్లు కలుపుకోవాలి! వేడి గదిలో గోరువెచ్చటి నీళ్లు పోస్తే ముద్ద 32 దాటిపోయేది. అప్పుడు గంటలోపే ఉబ్బిపోతుంది కానీ రుచి ఉండదు, ఈస్ట్ వాసన మిగులుతుంది. ఎనిమిది, పది డిగ్రీలు పెరిగితే పులిసే వేగం దాదాపు రెట్టింపవుతుంది కాబట్టి, 'గంటన్నర ఉంచండి' అనే మాటకి వేడి ఎంతో చెప్పకపోతే అర్థం లేదు.

ఇన్‌స్టంట్ ఈస్ట్‌ని నేరుగా పిండిలో కలిపేయొచ్చు. గుండ్రటి గింజల్లా ఉండే యాక్టివ్ డ్రై ఈస్ట్ అయితే 40 డిగ్రీల నీళ్లలో నానబెట్టి, నురగ వచ్చాక వాడాలి, పావు వంతు ఎక్కువ పడుతుంది. ఫ్రెష్ ఈస్ట్ దొరికితే ఇన్‌స్టంట్‌కి మూడింతలు.

పిండి, నీళ్లు మాత్రమే కలిపి అరగంట మూతపెట్టి వదిలేశాను. దీన్ని ఆటోలైజ్ అంటారు. రేమండ్ కల్వెల్ అనే ఫ్రెంచ్ ఆచార్యుడు గట్టిగా చెప్పిన పద్ధతి. ఉప్పు, ఈస్ట్ లేకుండా నానితే గ్లూటెన్ తనంతట తనే అల్లుకోవడం మొదలుపెడుతుంది. అరగంట తర్వాత పట్టుకుంటే తేడా వెంటనే తెలిసింది. కలిపినప్పుడు లాగితే పుటుక్కున తెగిపోయిన ముద్ద ఇప్పుడు సాగుతోంది. పిండిలోని రెండు ప్రోటీన్లలో గ్లూటెనిన్ వల్ల వెనక్కి లాగే గుణం, గ్లయాడిన్ వల్ల సాగే గుణం వస్తాయి. రెండూ నీళ్లు తగిలితేనే కలుస్తాయి, మన చేతి బలం ఆ తర్వాతి సంగతి.

ఈస్ట్, ఉప్పు కలిపాక ముద్దని సగానికి కోశాను. ఒక సగాన్ని పది నిమిషాలు బాగా పిసికాను. రెండో సగాన్ని పిసకలేదు. గిన్నెలోనే అరగంటకోసారి నాలుగు వైపుల నుంచీ లాగి మడిచాను, మొత్తం మూడు సార్లు. మొదట్లో పిసికిన ముద్ద నున్నగా, చెవి తమ్మెంత మెత్తగా ఉంటే, రెండోది గరుగ్గా ఉంది. గంటన్నర అయ్యేసరికి రెండింటికీ తేడా చెప్పలేనంత దగ్గరకి వచ్చాయి. 2006లో జిమ్ లేహీ అనే బేకర్ పిసకకుండా చేసే బ్రెడ్ న్యూయార్క్ టైమ్స్ ద్వారా ఊరూరా పాకింది ఈ కారణం వల్లే. పిసకడం చేసే పనిని సమయం కూడా చేసిపెడుతుంది. అయితే ఇది సాదా పిండి మాట. వెన్న పడ్డాక సంగతి వేరని ముందే రాసిపెట్టుకుంటున్నాను.

ముద్ద పొంగిందా లేదా అన్నది గిన్నెలో కంటే నిటారు గోడలున్న గాజు సీసాలో బాగా కనిపిస్తుంది. ముద్ద పైమట్టం దగ్గర రబ్బర్ బ్యాండు తగిలించి, రెట్టింపు ఎత్తులో ఇంకోటి వేశాను. 'పొంగినట్టే ఉందే' అనే టెన్షన్ పోతుంది.

శనివారం సాయంత్రం

రెండు సగాలనీ కలిపేసి, గాలి మరీ అణిగిపోకుండా పరిచి, చుట్టి, అంచు అతికించి టిన్నులో పెట్టాను. రెండోసారి పొంగడం దగ్గర గడియారం చూడనవసరం లేదు. తడి వేలితో అర అంగుళం నొక్కితే గుంట చటుక్కున పూడిపోయిందంటే ఇంకా ఆగాలి. మెల్లగా సగం వరకే పైకి వస్తే ఓవెన్‌లో పెట్టేయాలి. గుంట అలాగే ఉండిపోతే ఆలస్యమైనట్టు. ఇవాళ 40 నిమిషాలకి సరిపోయింది.

ఓవెన్ లోపల వేరే థర్మామీటర్ పెట్టి చూడటం ఈ ప్రాజెక్టులో డబ్బుకి తగ్గ పని. డయల్ 220 చూపిస్తుంటే లోపల 200 దగ్గరే ఆగింది. డయల్‌ని 240కి తిప్పి, 20 నిమిషాలు వేడెక్కనిచ్చి అప్పుడు పెట్టాను. అడుగు ట్రేలో మరుగుతున్న నీళ్లు ఒక కప్పు పోశాను. మొదటి పది నిమిషాలు ఆవిరి ఉంటే పైపొర త్వరగా గట్టిపడదు, లోపలి గాలి బ్రెడ్‌ని ఇంకొంచెం లేపుతుంది.

ఆ పది నిమిషాల్లో జరిగేది చాలా ఉంటుంది. మొదట ఈస్ట్ రెచ్చిపోతుంది. ముద్దలో కరిగి ఉన్న కార్బన్ డయాక్సైడ్ బయటికొస్తుంది, పులిసినప్పుడు పుట్టిన ఆల్కహాల్, కొంత నీరు ఆవిరవుతాయి, బుడగలు పెద్దవవుతాయి. 55 నుంచి 60 డిగ్రీల మధ్య ఈస్ట్ చచ్చిపోతుంది. 60 దాటాక పిండి పదార్థం నీళ్లు పీల్చి జిగురుగా ఉబ్బుతుంది, 70 దాటాక గ్లూటెన్ గట్టిపడుతుంది, ఆ ఆకారం ఇక మారదు. మధ్యలో థర్మామీటర్ గుచ్చితే 95 చూపించింది, 35 నిమిషాలకి తీసేశాను. తట్టి చూస్తే బోలుగా శబ్దం రావాలంటారు గానీ, ఆ శబ్దం 85కి కూడా వస్తుంది. నాకు థర్మామీటర్ మీదే నమ్మకం.

కోయడానికి మాత్రం గంటసేపు ఆగాలి. వేడిగా కోస్తే లోపల పిండిపిండిగా, కత్తికి అంటుకుంటూ వస్తుంది. ఉడకలేదని కాదు, జిగురుగా ఉన్న పిండి పదార్థం ఇంకా కుదురుకోలేదని. ఇంట్లో వాళ్లకి ఇది చెప్పి ఒప్పించడం బ్రెడ్ చేయడం కన్నా కష్టం.

ఆదివారం

సాదా బ్రెడ్ బాగుంది, లోపలి రంధ్రాలు చిన్నవి, పైపొర కరకర. తీపి పిండిలోకి దిగే ముందు ఒక చిన్న పరీక్ష చేశాను. నాలుగు సీసాల్లో 50 గ్రాముల చొప్పున పిండి, 33 గ్రాముల నీళ్లు, అర గ్రాము ఈస్ట్. పంచదార మాత్రం ఒకదాంట్లో సున్నా, తర్వాత 5 శాతం, 15, 25. అన్నీ ఒకే చోట పక్కపక్కన.

'పంచదార ఈస్ట్‌కి ఆహారం, ఎక్కువ వేస్తే ఎక్కువ పొంగుతుంది' అనే మాట ఎక్కడ చూసినా కనిపిస్తుంది. నాలుగు సీసాలు చూస్తే ఆ మాట సగమే నిజమని తెలిసిపోయింది. 5 శాతం సీసా అన్నిటికన్నా ముందు రబ్బర్ బ్యాండు దాటింది. సున్నా సీసా దాని వెంటే వచ్చింది. పంచదార లేకపోయినా ఈస్ట్ ఆకలితో ఉండదు, పిండిలోని ఎంజైములు పిండి పదార్థాన్ని మాల్టోజ్ అనే చక్కెరగా విడగొట్టి పెడుతుంటాయి. 15 శాతం సీసా బాగా వెనకబడింది. 25 శాతంది రెండు గంటలకి కూడా నిద్రమొహంతోనే ఉంది. పంచదార నీటిని పట్టేసుకుంటుంది. ఈస్ట్ కణం లోపలి నీళ్లు బయటికి లాగేయబడతాయి, పాపం అది పొంగించడం మానేసి ముందు బతకడం చూసుకుంటుంది. ఉప్పుదీ అదే పని.

అందుకే తీపి పిండికి వేరే ఈస్ట్ అమ్ముతారు. సాఫ్ ఇన్‌స్టంట్ అనే బ్రాండులో ఎర్ర ప్యాకెట్ మామూలు పిండికి, గోల్డ్ ప్యాకెట్ పంచదార ఎక్కువున్న పిండికి. నా దగ్గర ఎరుపే ఉంది. దాన్ని 1 శాతం నుంచి 1.5కి పెంచుతాను, సమయం ఎక్కువిస్తాను. పంచదార 15 దాటనివ్వను. బన్నులో తీపి ఎలాగూ పూర్ణంలో ఉంటుంది, పిండిలో కూడా కుక్కాల్సిన పని లేదు.

దాల్చినచెక్క పొడిని కూడా నేరుగా పిండిలో కలపను. అందులోని సిన్నమాల్డిహైడ్ ఈస్ట్‌ని నెమ్మదింపజేస్తుంది. పొరల మధ్య చల్లితే వాసన అంతే వస్తుంది, ఈస్ట్ జోలికి పోదు.

తర్వాతి శుక్రవారం రాత్రి

తీపి పిండి. మొత్తం మైదా 400 గ్రాములు, పాలు 235, గుడ్డు ఒకటి, పంచదార 60, వెన్న 60, ఉప్పు 7, ఇన్‌స్టంట్ ఈస్ట్ 6.

అందులోంచి 25 గ్రాముల మైదాని 125 గ్రాముల పాలలో ఉండలు లేకుండా కలిపి, సన్నటి సెగ మీద గరిటె తిప్పుతూ ఉడికించాను. 65 డిగ్రీలు వచ్చేసరికి గరిటె వెనకాల గీతలు పడుతూ చిక్కబడింది. దీన్ని టాంగ్‌జాంగ్ అంటారు, తూర్పు ఆసియా మెత్తటి పాల బ్రెడ్‌లు చాలావాటి వెనక ఉన్న పద్ధతి ఇదే. ఉడికిన పిండి పదార్థం పచ్చి పిండికన్నా చాలా ఎక్కువ నీళ్లని పట్టి ఉంచుతుంది. ముద్ద చేతికి మరీ అంటుకోకుండానే ఎక్కువ పాలు పట్టించొచ్చు, బన్ను మర్నాటికి ఎండిపోదు. చల్లారాకే వాడాలి, వేడిగా వేస్తే ఈస్ట్ గోవిందా.

మిగతా పాలని మరగకాచి చల్లార్చాను. పచ్చిపాలలోని కొన్ని ప్రోటీన్లు గ్లూటెన్‌ని వదులు చేస్తాయి, మరిగితే ఆ గుణం పోతుంది. పాశ్చరైజ్ చేసిన ప్యాకెట్ పాలకి ఈ కాచడం అవసరం లేదనేవాళ్లూ ఉన్నారు. కాచడం వల్ల నష్టమేమీ లేదు కదా అని కాచేశాను.

ఇక వెన్న. ఈ ప్రాజెక్టులో నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది ఇదే. వెన్నని మొదట్లోనే వేస్తే పిండి రేణువులకి జిడ్డు పూతలా పట్టేస్తుంది, ప్రోటీన్లకి నీళ్లు సరిగా అందవు, గ్లూటెన్ అల్లుకోదు. కాబట్టి వెన్న తప్ప అన్నీ కలిపి, 15 నిమిషాలు మూతపెట్టి, తర్వాత పది నిమిషాలు పిసికి, ముద్ద ఒక మాదిరిగా సాగే దశకి వచ్చాకే వెన్న మొదలుపెట్టాను. గది వేడికి మెత్తబడిన వెన్న, కరిగింది కాదు. ఒక్కో చెంచాడు చొప్పున, ముందుది పూర్తిగా కలిసిపోయాకే తర్వాతిది.

మొదటి చెంచా వేయగానే చక్కటి ముద్ద కాస్తా ముక్కలు ముక్కలుగా విడిపోయి, గట్టు మీద జారుతూ, చేతులకి అంటుకుంటూ తయారైంది. ఇక్కడే చాలామంది కంగారుపడి పొడి పిండి చల్లుతారు. చల్లకూడదు. అరచేతి మడమతో ముందుకి తోసి, వెనక్కి మడిచి, పావు మలుపు తిప్పి మళ్లీ తోయడం. రెండు నిమిషాలకి ముక్కలు ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. మూడో చెంచాకి పిండిలో మెరుపు వచ్చింది. అన్నీ పూర్తయ్యేసరికి ముద్ద గట్టుని వదిలి, లేపితే ఒక్క ముక్కలా లేచింది. చిన్న ఉండ తీసి రెండు చేతుల వేళ్లతో మెల్లగా నలువైపులా లాగితే, వెనకనున్న వేలిముద్ర గీతలు కనిపించేంత పల్చగా సాగింది, చిరిగిన చోట అంచు నున్నగా ఉంది. అంచు రంపపు పళ్లలా వస్తే ఇంకా పిసకాలి. చేత్తో మొత్తం పావుగంట దాటింది. సాదా పిండిలో పిసకకుండా తప్పించుకున్నది ఇక్కడ కుదరదు. వెన్న, పంచదార, గుడ్డు బరువు మోయాలంటే గ్లూటెన్ ముందే తయారై ఉండాలి.

సీసాలో గంటసేపు బయట ఉంచి, కాస్త కదలిక కనిపించాక ఫ్రిజ్‌లోకి తోసేశాను. దీనివల్ల రెండు లాభాలు. 4 డిగ్రీల దగ్గర ఈస్ట్ దాదాపు ఆగిపోతుంది గానీ పూర్తిగా నిద్రపోదు, రాత్రంతా మెల్లగా పులిసి రుచి పెరుగుతుంది. పైగా వెన్న గట్టిపడటం వల్ల పొద్దున్న పిండిని ఒత్తడం, చుట్టడం చాలా తేలిక.

అదే రాత్రి, పూర్ణం

ఫ్రిజ్‌లో పిండి ఉండగా లోపలికి పెట్టేవి చేసుకున్నాను. పూర్ణం అంటే తీపి గురించి ఆలోచిస్తాం, కానీ అసలు చూడాల్సింది నీళ్ల సంగతి. ఓవెన్‌లో ఆ నీళ్లు ఆవిరై బన్ను పైకప్పుని లేపుతాయి, పూర్ణం కిందకి దిగిపోతుంది, మధ్యలో బోలు మిగులుతుంది. కొరికితే ముందు గాలి, అట్టడుగున కాస్త తీపి.

కస్టర్డ్: పాలు 250 గ్రాములు, పచ్చసొనలు రెండు, పంచదార 50, కార్న్‌ఫ్లోర్ 25. కార్న్‌ఫ్లోర్ మామూలు కంటే కాస్త ఎక్కువే, గట్టిగా రావాలని. చిక్కబడగానే దించేయకూడదు, బుడగలు వచ్చాక కూడా ఒక నిమిషం తిప్పుతూ మరిగించాలి. పచ్చసొనలో పిండి పదార్థాన్ని విడగొట్టే ఎంజైము ఒకటుంటుంది. అది చావకపోతే రాత్రి గట్టిగా ఉన్న కస్టర్డ్ పొద్దున్నకి పల్చబడిపోతుంది. పైన తెట్టు కట్టకుండా ప్లాస్టిక్ కవర్‌ని కస్టర్డ్‌కి తాకేలా కప్పి చల్లార్చాను. తర్వాత 30 గ్రాముల చొప్పున గుండ్రంగా పెట్టి ఫ్రీజర్‌లో ఉంచాను. సగం గడ్డకట్టిన ఉండని చుట్టడం, జారే కస్టర్డ్‌ని చెంచాతో పోసి మూయడం కన్నా వంద రెట్లు నయం.

ఖర్జూరం: గింజ తీసిన ఖర్జూరాలు 200 గ్రాములు, నీళ్లు 60, చిటికెడు ఉప్పు. మెత్తగా ఉడికించి చిదిమి, గరిటె తీస్తే బాణలి అడుగు రెండు క్షణాలు కనిపించేంత వరకు దగ్గరపడనిచ్చాను. ఇది పెట్టిన బన్నులో బోలు రాదు.

జామ్ కూడా ఒక రెండింటిలో పెట్టి చూస్తాను. మామూలు జామ్ పెక్టిన్‌తో (పండ్లలో ఉండే జిగురు పదార్థం) గడ్డకట్టి ఉంటుంది, ఓవెన్ వేడికి పల్చబడి కారుతుంది. అందుకే చెంచాడు జామ్‌కి కాస్త కార్న్‌ఫ్లోర్ కలిపి ఒకసారి ఉడికించి పెట్టాను.

శనివారం పొద్దున, చుట్టడం

చల్లటి ముద్దని 65 గ్రాముల చొప్పున 12 ముక్కలు చేశాను, కొంచెం మిగిలింది. ఉండలు చేసి పావుగంట తడిగుడ్డ కింద వదిలేశాను. వెంటనే ఒత్తితే వెనక్కి ముడుచుకుంటుంది, ఆగితే చెప్పిన మాట వింటుంది.

ఒత్తడంలో కిటుకు ఒకటే. అంచులు పల్చగా, మధ్య మందంగా ఉండాలి. అప్పడాల కర్రని మధ్యదాకా పోనివ్వకుండా, అంచు నుంచి లోపలికి కొద్దిగా మాత్రమే ఒత్తుతూ, ఇంకో చేత్తో ముక్కని తిప్పుతూ పోవాలి. పూర్ణం పెట్టి అంచులన్నీ పైకి తెచ్చి మూస్తే అవన్నీ ఒకచోట పోగవుతాయి, పల్చగా ఉంటే ఆ పోగు మిగతా గోడంతే మందం అవుతుంది. అన్నీ ఒకే మందంగా ఒత్తితే కింద పిండి గడ్డ, పైన కాగితంలాంటి పొర. ఎదురెదురు అంచులు రెండు ముందు అతికించి, తర్వాత మిగతా రెండు, ఆ తర్వాత మూలలు. అంచుకి పూర్ణం తగిలిందంటే అతుక్కోదు. జిడ్డూ జామూ ఉన్న చోట పిండి పిండికి పట్టదు, ఓవెన్‌లో అక్కడే నోరు తెరుస్తుంది. మూశాక అతుకు కిందికి పెట్టి, అరచేయి గిన్నెలా చేసి గట్టు మీద రెండు సార్లు తిప్పితే అతుకు బిగుస్తుంది.

మూడింటిని మాత్రం వేరేలా చేశాను. పలకలా ఒత్తి, వెన్న రాసి, పంచదారా దాల్చినచెక్క పొడీ చల్లి, చుట్టి, మెలితిప్పి ముడి వేశాను. ఈ రకానికి బోలు సమస్యే లేదు, ఆవిరి పొరల మధ్య నుంచి పోతుంది.

పిండి చల్లగా ఉంది కాబట్టి రెండో పొంగుకి గంటన్నర పట్టింది. తీపి పిండికి వేలి పరీక్ష కొంచెం మారుతుంది. వెన్న గట్టిగా ఉన్నంతసేపు గుంట ఎలాగూ తిరిగిరాదు, పొంగకపోయినా పొంగినట్టు మోసం చేస్తుంది. ట్రేని మెల్లగా ఊపితే బన్నులు వణకాలి, అది నమ్మకమైన గుర్తు.

శనివారం మధ్యాహ్నం, ఓవెన్

పచ్చసొనలో చెంచాడు పాలు కలిపి మెత్తటి బ్రష్‌తో రెండు సార్లు రాశాను, మధ్యలో పది నిమిషాలు ఆరనిచ్చి. ఒకేసారి మందంగా రాస్తే కారి ట్రేకి అతుక్కుంటుంది. కస్టర్డ్ ఉన్నవాటికి నడినెత్తిన టూత్‌పిక్‌తో ఒక రంధ్రం, ఆవిరి పోవడానికి.

సాదా బ్రెడ్‌కి 220 అయితే వీటికి 180. పంచదార, పాలు, గుడ్డు ఉన్నచోట ఎరుపు చాలా తొందరగా వస్తుంది. ప్రోటీన్లూ చక్కెరలూ కలిసి రంగు, వాసన ఇచ్చే మయార్డ్ చర్య 140 దాటిన దగ్గర్నుంచి జోరందుకుంటుంది, ఇక్కడ దానికి కావలసిన సరుకంతా పైపొరలోనే ఉంది. 220లో పెడితే పైన మాడి లోపల పచ్చిగా ఉంటుంది. 18 నిమిషాలకి పిండి భాగంలో గుచ్చితే 90 వచ్చింది. వీటికి 95 దాకా ఆగనవసరం లేదు, ఆగితే ఎండిపోతాయి. గుచ్చేటప్పుడు మొన పూర్ణంలో దిగకుండా చూసుకోవాలి, లేకపోతే ఆ అంకె దేనిదో తెలియదు.

బయటికి తీయగానే కరిగిన వెన్న ఒక పూత. పైపొర మెత్తబడుతుంది, మెరుపూ వస్తుంది.

కోసి చూసినవి: ఖర్జూరం బన్నులో గోడ అంతటా సమానంగా వచ్చింది, బోలు లేదు. కస్టర్డ్ బన్నులో వేలి మందం ఖాళీ ఉంది, రంధ్రం పెట్టినా. ఇంతకన్నా తగ్గించాలంటే కస్టర్డ్‌ని ఇంకా గట్టిగా చేయాలి, అప్పుడు నోట్లో రబ్బరులా ఉంటుంది. నాకైతే ఆ ఖాళీ ఉన్నా పర్వాలేదు, కస్టర్డ్ మెత్తగా ఉండటమే ముఖ్యం. అస్సలు ఖాళీ వద్దనుకుంటే బన్నుని ఉత్తదే కాల్చి, చల్లారాక పక్కనుంచి కస్టర్డ్ ఎక్కించడం ఒక్కటే దారి. జామ్ ఒకదాంట్లో నిలిచింది, రెండోదాంట్లో అతుకు దగ్గర కొద్దిగా బయటికొచ్చి ట్రే మీద పాకంలా గట్టిపడింది. దాల్చినచెక్క ముడులు అందరికన్నా ముందు ఖాళీ అయిపోయాయి.

ఆదివారం రాత్రి, నిలవ సంగతి

మూడు బన్నులని మూడు చోట్ల పెట్టాను, మూడూ ఖర్జూరం బన్నులే. ఒకటి డబ్బాలో బయట, ఒకటి ఫ్రిజ్‌లో, ఒకటి ఫ్రీజర్‌లో. ఫ్రిజ్‌లోది అన్నిటికన్నా గట్టిపడింది, బయటున్నదాని కంటే కూడా. బ్రెడ్ గట్టిపడటానికి ఎండిపోవడం ఒక్కటే కారణం కాదు. ఉడికినప్పుడు విడిపోయిన పిండి పదార్థపు అణువులు మళ్లీ వరసగా పేర్చుకుంటాయి, ఆ పని ఫ్రిజ్ చల్లదనంలోనే అన్నిటికన్నా వేగంగా జరుగుతుంది. పూర్తిగా గడ్డకడితే ఆగిపోతుంది. గట్టిపడిన బన్నుని మళ్లీ వేడిచేస్తే మెత్తబడేది కూడా ఆ వరస చెదిరిపోవడం వల్లే, అందుకే అది చల్లారకముందే తినేయాలి.

కస్టర్డ్ బన్నులని మాత్రం బయట ఉంచడానికి లేదు, పాలూ గుడ్డూ కాబట్టి. అవి అదే రోజు తినేయాలి, లేదా ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు వేడిచేసుకోవాలి, ఆ కాస్త గట్టిదనం భరించాల్సిందే.

ఖర్జూరం, దాల్చినచెక్కవి పూర్తిగా చల్లారాక విడివిడిగా చుట్టి ఫ్రీజర్‌లో పెడుతున్నాను. తినేటప్పుడు కరగబెట్టకుండా నేరుగా 160 డిగ్రీల ఓవెన్‌లో పది, పన్నెండు నిమిషాలు. వచ్చే వారానికి మార్పు ఒకటే అనుకుంటున్నాను: పంచదార 15 శాతం నుంచి 12కి తగ్గించి చూడాలి. పిండిలో తీపి తగ్గితే ఖర్జూరం రుచి ఇంకా బయటికొస్తుందని నా అనుమానం, పైగా రెండో పొంగు కొంచెం త్వరగా అయిపోవచ్చు.